సర్వరుకూ ఒక నమోదు పుస్తకం

ఏ మడికి ఏ రోజున ఎంత నత్రజని వేశారో నమోదు చేయని విద్యార్థి సిద్ధాంత గ్రంథాన్ని ఏ మార్గదర్శకుడూ అంగీకరించడు. అదే విభాగంలో వాతావరణ వివరాలను స్వీకరించి రైతులకు సందేశాలు పంపే సర్వరును ఎట్లా అమర్చారన్న ప్రశ్నకు మాత్రం తరచుగా ఒక వ్యక్తి జ్ఞాపకమే ఆధారం.

నేను పనిచేసిన ఒక చోట అటువంటి సర్వరు డిస్కు చెడిపోయింది. దత్తాంశానికి నకలు ఉంది, అమరికకు లేదు. అమర్చిన సహోద్యోగి అప్పటికే బదిలీ అయ్యారు. వర్షపాత వివరాలను తెచ్చే క్రాన్ పట్టికలో ఏముండేదో, ఫైర్‌వాల్‌లో ఏ పోర్టు తెరిచారో ఎవరికీ తెలియదు. ఖరీఫ్ విత్తనం వేసే రోజులలోనే సలహాలు ఆగిపోయాయి.

లినక్స్ కెర్నల్ కోసం 2005లో లినస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ ఇటువంటి లోటును తీర్చగలదు. నమోదు పుస్తకంలో తప్పును చెరిపివేయక గీత కొట్టి పక్కన దిద్దుతాము; గిట్‌లోనూ పాత రూపం నిలిచే ఉంటుంది.

అయితే 'ఈటీసీ' డైరెక్టరీని యథాతథంగా గిట్‌లో చేరిస్తే చాలునన్న వాదనతో నేను ఏకీభవించను. ఫైలు యజమాని ఎవరో గిట్ నమోదు చేయదు. అనుమతులలో అమలు చేయదగినదా కాదా అన్నంతవరకే గుర్తుంచుకుంటుంది. పైగా రహస్య తాళాలు, సంకేతపదాలు కూడా అందులో చేరిపోతాయి. ఒకసారి చేరిన సంకేతపదాన్ని తరువాత తొలగించినా పాత కమిట్‌లలో మిగిలే ఉంటుంది. దానిని మార్చుకోవడమే మార్గం. కనుక మనం మార్చిన ఫైళ్లను మాత్రమే రిపాజిటరీలో ఉంచి, వాటిని తగిన యజమానితో, అనుమతులతో స్వస్థానంలో నిలిపే పనిని షెల్ స్క్రిప్టుకు అప్పగించాలి.

ఆ స్క్రిప్టును రెండుసార్లు నడిపినా ఫలితం ఒక్కటే కావాలి. క్రాన్ పట్టికకు గుడ్డిగా ఒక వరుస చేర్చే స్క్రిప్టును మళ్లీ నడిపితే రైతుకు ఒకే సందేశం రెండుసార్లు వెళుతుంది. ఆదేశం విఫలమైనా, విలువ ఇవ్వని చలరాశి ఎదురైనా స్క్రిప్టు ఆగిపోయేటట్లు మొదటి వరుసలలోనే 'సెట్' ఆదేశాన్ని ఉంచాలి. తొలగింపు ఆదేశాలున్న చోట ఈ జాగ్రత్త మరీ అవసరం. రిపాజిటరీ నకలు వేరొక యంత్రంలో ఉండాలని వేరుగా చెప్పనక్కరలేదు గాని, దానినే మరచిపోయేవారున్నారు.

వ్యవసాయ శాస్త్రవేత్తకు ఇది అదనపు భారమన్న అభ్యంతరం వినబడుతుంది. అమరికను మార్చిన ప్రతిసారీ ఒక కమిట్ సందేశం రాయడమే ఆ భారంలో అధికభాగం. 'మార్పులు చేశాను' అన్నది సందేశం కాదు. వర్షపాత సేకరణను గంటకొకసారి నుండి పదిహేను నిమిషాలకు ఎందుకు మార్చారో అందులో ఉండాలి. స్క్రిప్టు రాయని విద్యార్థి చేతికి ఖాళీ వర్చువల్ యంత్రాన్నిచ్చి, రిపాజిటరీ మాత్రమే ఆధారంగా సర్వరును తిరిగి నిలబెట్టమనండి. అతడు ఎవరికైనా ఫోను చేయవలసి వస్తే, ఆ ఫోనులో అడిగిన విషయమే తరువాతి కమిట్.