మాడ్యులర్ సరే, ఎర్తింగ్ మాటేంటి?

ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలున్న ఇళ్ళలో ఏటా వేసవి దాటగానే ఒకటే చర్చ. ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా? డెస్క్‌టాప్ అనుకుంటే ఇంకో చిట్టా మొదలవుతుంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, రంగుల లైట్లున్న క్యాబినెట్టు. చివర్లో ఎక్కడో పవర్ సప్లై అని ఒక లైను. డబ్బు చాలకపోతే ముందు కత్తెర పడేది దానికే. కొన్ని ఇళ్ళలో దీనికి పూర్తిగా తిరగేసి, యూట్యూబ్ చూసిన పిల్లవాడు "ఫుల్లీ మాడ్యులరే కావాలమ్మా" అని పట్టుబడతాడు. మా ఇంట్లో కత్తెర మా ఆయన పట్టుకున్నారు, మాడ్యులర్ జెండా మా అబ్బాయి పట్టుకున్నాడు. చూడాల్సింది ఇద్దరూ చూడట్లేదని నా గొడవ.

షాపుల్లో దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. సీపీయూ డబ్బాలో ఒక మూలనుండే ఇనప పెట్టె. గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని కంప్యూటర్ భాగాలు తట్టుకునే 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇవ్వడం దాని పని. మన వంటింటి భాషలో గ్యాస్ బండకీ పొయ్యికీ మధ్యనుండే రెగ్యులేటర్. పొయ్యికి వేలు పోసి రెగ్యులేటర్ దగ్గర కక్కుర్తి పడం కదా. అందుకే "క్యాబినెట్ తీసుకుంటే ఎస్ఎంపీఎస్ ఫ్రీ మేడం" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఫ్రీ పెట్టెని చేత్తో ఎత్తి, పక్కనే మంచిదాన్ని ఎత్తి చూడండి. బరువులోనే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక మాడ్యులర్ అంటే, పెట్టెలోంచి వచ్చే వైర్లు విడదీసుకోగలిగినవి. మామూలు రకంలో వైర్లన్నీ పెట్టెకే అతుక్కుని ఉంటాయి, అక్కర్లేనివి కూడా లోపలే కుక్కుకోవాలి. సెమీ మాడ్యులర్‌లో తప్పనిసరి వైర్లు అతికి ఉంటాయి, మిగతావి కావాలంటే తగిలించుకోవచ్చు. ఫుల్లీ మాడ్యులర్‌లో అన్నీ ఊడొస్తాయి. అంతకుమించి ఏమీ లేదు. వైరు ఊడి వచ్చినంత మాత్రాన కరెంటు శుభ్రంగా వస్తుందని కాదు. నాసిరకం మాడ్యులర్లూ ఉన్నాయి, గట్టి మామూలువీ ఉన్నాయి.

అలాగని కొట్టిపారెయ్యను. మన ఊళ్ళో దానికి ఒక ప్రయోజనం ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో ఆ గాలికి పొద్దున ఊడ్చిన వరండా మధ్యాహ్నానికి ఎర్రగా అవుతుంది. అదే దుమ్ము సీపీయూలోకీ వెళ్తుంది. లోపల వైర్ల కట్ట అడ్డంగా ఉంటే గాలి ఆడదు, దుమ్ము అక్కడే గూడు కట్టుకుంటుంది. లోపలుండే కెపాసిటర్లకు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళ లెక్క. మన మే నెలకి ఆ లెక్క వేసుకోండి. వైర్లు తక్కువుంటే మంచిదే. కానీ దానికి సెమీ మాడ్యులర్ చాలు. మాకు చెప్పిన రేట్లలో అదే వాట్ల ఫుల్లీ మాడ్యులర్‌కి రెండు మూడు వేలు తేడా వచ్చింది.

మాడ్యులర్ కొన్నవాళ్ళు మాత్రం ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒక కంపెనీ మిక్సీ జారు ఇంకో మిక్సీ మీద కూర్చోదు కాబట్టి మనకు ఇబ్బంది లేదు. ఈ వైర్లు చాలాసార్లు కూర్చుంటాయి! కంప్యూటర్ వైపు పిన్నులు అందరికీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరసకి మాత్రం ఉమ్మడి ప్రమాణం లేదు. 5 వోల్టులు వెళ్ళాల్సిన చోటికి 12 వెళ్తే హార్డ్ డిస్కు ఆ క్షణమే కాలిపోతుంది. అందులోని ఫోటోలతో సహా. మిగిలిన వైర్లు ఒక సంచిలో వేసి, మోడల్ పేరు రాసి, బీరువాలో పెట్టండి. స్నేహితుడి దగ్గర వైరు అప్పు తెచ్చుకోనివ్వకండి.

కొనేముందు ఏం చూడాలంటే, పెట్టె పక్కన అంటించిన పట్టిక. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో ఉంటుంది. దాన్ని 12తో గుణించండి. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లని ఉండి, ఆ గడిలో 18 ఉంటే 216 వాట్లే వచ్చింది. ఇప్పటి కంప్యూటర్లు ఎక్కువగా లాగేది 12 వోల్టుల నుంచే, కాబట్టి మనకు పనికొచ్చేది ఆ 216. షాపతని ముందే ఫోన్లో గుణించి చూపించండి, మాట తీరు మారుతుంది.

మావాడు 850 వాట్లు కావాలన్నాడు. వాడి చిట్టాలోని ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, ప్రాసెసరు 65. మిగతావన్నీ కలుపుకున్నా 250 దాటడం కష్టం. ఉలికిపాటు వాడకానికి కొంత వదిలినా నిజమైన 550 ఎక్కువే.

తర్వాత 80 ప్లస్ ముద్ర. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని అంచెలు. సగం లోడు మీద బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం దాకా కరెంటుని వాడకానికి ఇస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. రోజుకి అయిదు గంటలు, 200 వాట్ల వాడకం వేసి చూశాను. రెండింటి మధ్య తేడా నెలకి రెండు యూనిట్లు! కరెంటు బిల్లు కోసం గోల్డ్ కొనక్కర్లేదు. బ్రాంజ్ చాలు, అయిదేళ్ళ వారంటీ ఉంటే ఇంకా మంచిది. పాడైతే ఎక్కడ మారుస్తారో కూడా అడగండి. బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్తే రేటు తగ్గొచ్చు, కానీ రెండొందల కిలోమీటర్లు మళ్ళీ మోసుకెళ్ళేది ఎవరు?

పెట్టె వెనకాల 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్చు ఉంటే ఆ పెట్టె వద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలే వద్దు. అది 115 వైపు ఉన్నప్పుడు మన కరెంటు ఇస్తే పేలినంత పని అవుతుంది. ఇప్పటి మంచివాటికి ఆ స్విచ్చు ఉండదు, 100 నుంచి 240 వోల్టుల దాకా అవే సర్దుకుంటాయి. బోర్లన్నీ ఒక్కసారి ఆన్ అయి లైట్లు మసకబారే మన వీధులకి ఇది ముఖ్యం.

అసలు నా గోల ఇప్పుడు చెప్తాను. సీపీయూ డబ్బా తాకితే చెయ్యి జివ్వుమంటోందని చాలా ఇళ్ళలో వింటాను. "చెప్పులేసుకుని కూర్చో" అనేస్తారు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటుని వడకట్టే ఫిల్టరు ఉంటుంది. అది కొద్దిపాటి కరెంటుని ఎర్త్ వైరులోకి వదులుతుంది, దాని తయారీయే అంత. ఆ వైరు నేలలోకి సరిగ్గా చేరకపోతే అది డబ్బా మీదే నిలబడుతుంది. వేలు పోసి కొన్న గోల్డ్ మాడ్యులర్ అయినా జివ్వుమనే తీరుతుంది. ఆ జివ్వు చిన్నదే కావచ్చు, కానీ రేపు ఏ వైరో తెగి డబ్బాకి తగిలిన రోజున పిల్లవాడిని కాపాడాల్సిన ఎర్తింగ్ ఈ ఇంట్లో లేదని అది చెబుతోంది.

మన దగ్గర ఈ బాధ ఎక్కువే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ పడితే. ఎర్తింగ్ పనిచెయ్యాలంటే గుంతలో తడి ఉండాలి. బొగ్గు, ఉప్పు వేసేది ఆ తడి నిలవడానికే. ఇల్లు కట్టినప్పుడు వేసిన గుంత మీద తర్వాత బండలు పరిచేసి మర్చిపోతాం. కొన్ని ఇళ్ళలో మూడో పిన్ను సాకెట్ దాకా ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి "ఎర్త్ ఉందా" అని అడిగితే ఉందంటాడు. టెస్టు దీపం పెట్టో, మీటరు పెట్టో చూపించమనండి.

మేం చివరికి 550 వాట్ల బ్రాంజ్ సెమీ మాడ్యులర్ తీసుకున్నాం. మిగిలిన డబ్బుతో పాత గుంత తవ్వించి కొత్త పైపు, బొగ్గు, ఉప్పు వేయించాను. "కంప్యూటర్ కొంటానని గుంత తవ్విస్తావేంటి" అన్నారు మా ఆయన. గుంత నిండాక డబ్బా తాకి చూసి మళ్ళీ ఏమీ అనలేదు. ఇంకొంచెం పెట్టి యూపీఎస్ కూడా తీసుకోవాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఈ రకం ఎస్ఎంపీఎస్‌లు కొన్ని కరెంటు పోగానే ఆరిపోతాయట, కాబట్టి సైన్ వేవ్‌దే చూస్తున్నాం.

నీళ్ళు రెండు రోజులకోసారి వచ్చే వీధిలో గుంతకి నీళ్ళెక్కడివంటారా? బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్లో పడుతున్నాను. ఆదివారం ఆ బకెట్ మోసుకెళ్ళి పొయ్యడం మావాడి పని.