కాన్పు సీను రాసే ముందు నర్సమ్మను అడగండి

సీరియల్ రచయితలారా, చానళ్ల పెద్దలారా, రోజూ చూసే అక్కచెల్లెళ్లారా!

సీరియల్‌లో ఉమ్మనీరు పోగానే అరుపులు మొదలవుతాయి, యాడ్స్ అయ్యేసరికి బిడ్డ ఏడుస్తుంది. ఈలోగా డాక్టరమ్మ బయటికొచ్చి "తల్లో బిడ్డో, ఒకరినే కాపాడగలం" అంటూ భర్త చేత సంతకం పెట్టిస్తుంది. నిజానికి తొలి కాన్పుకు నొప్పులు పన్నెండు గంటలు దాటడం మామూలే. స్పృహలో ఉన్న స్త్రీ చికిత్సకు సమ్మతి చెప్పాల్సింది ఆమే. భర్త కాదు, అత్తగారూ కాదు.

2009 నాటి 'త్రీ ఇడియట్స్'లో ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్‌తో బిడ్డను లాగేశారు. జనం చప్పట్లు కొట్టారు. నిజంగా వ్యాక్యూమ్ వేయాలంటే గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకోవాలి, తల కిందికి దిగాలి, ఎటు తిరిగి ఉందో తెలియాలి. ఒత్తిడిని కొలుస్తూ, నొప్పి వచ్చి తల్లి ముక్కేటప్పుడే లాగాలి. రెండు మూడుసార్లకూ తల కదలకపోతే ఆపేయాలి. ఎక్కడ ఆపాలో తెలియడం ఆ పనిలో సగం నేర్పు.

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దీనికి సీరియళ్లే కారణమనడం లేదు. ప్రైవేటు ఆసుపత్రుల రాబడి ఉంది, ముహూర్తాల పిచ్చి ఉంది. అయినా, కాన్పంటే చావుకేకేనని చిన్ననాటి నుంచీ చూస్తూ పెరిగిన పిల్ల కోతే క్షేమమనుకోదా?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మరొకటి. తెరమీద బిడ్డ ఏడవగానే కాన్పు అయిపోతుంది. అసలు గండం అప్పుడే ఉంది. మాయ పడేదాకా, పడ్డాక కూడా కొన్ని గంటలు రక్తస్రావాన్ని కనిపెట్టుకుని ఉండాలి. మన దేశంలో బాలింతల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది అదే. "గుడ్డలు తడిసిపోతున్నాయి, సిస్టర్‌ను పిలవండి" అని బాలింత పక్కనున్న ఆమె తల్లి అరిచే సీను ఒక్కటి రాయండి. లక్షల ఇళ్లకు చేరుతుంది.

బీబీసీ 'కాల్ ది మిడ్‌వైఫ్' సీరియల్‌కు టెర్రీ కోట్స్ అనే మిడ్‌వైఫ్ సలహాదారు. మనకూ తెలంగాణ ప్రభుత్వం మిడ్‌వైఫ్‌లుగా తర్ఫీదు ఇచ్చిన నర్సులున్నారు. కాన్పు సీనున్న ప్రతి స్క్రిప్టునూ అలాంటి ఒకరికి చూపించండి, షూటింగ్‌కు పిలవండి, పారితోషికమివ్వండి, టైటిల్స్‌లో పేరు వేయండి.

చూసేవారూ ఊరుకోవద్దు. ప్రతి చానల్‌కూ ఫిర్యాదుల అధికారి ఉండాలని, 15 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలని 2021 కేబుల్ టీవీ నిబంధనలు చెబుతున్నాయి. సీరియల్ పేరు, తేదీ, చూపించిన తప్పు రాసి పంపండి.