శోకం నేరాంగీకారం కాదు

బిడ్డ పోయిన ఇంట్లో "నా బిడ్డను నేనే పొట్టన పెట్టుకున్నాను" అని తల్లి గుండెలు బాదుకోవడం మనలో వినని వారెవరు? ఆ మాట పట్టుకుని ఎవరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లరు. పక్కన కూచుని ఓదారుస్తారు. మరి ఆ మాటనే ఆమె ఒంటరిగా నోట్‌బుక్కులో రాసుకుంటే?

ఆస్ట్రేలియాలో కాథ్లీన్ ఫోల్బిగ్ రాసుకుంది. 1989 నుంచి 1999 లోపు ఆమె నలుగురు పిల్లలూ పసితనంలోనే పోయారు. ఊపిరాడకుండా చేసి చంపిందన్నారు. అలా చేసిన గుర్తులేవీ శవపరీక్షల్లో తేలలేదు. నలుగురూ ఊరికే ఎలా పోతారన్న అనుమానం, భర్త పోలీసులకిచ్చిన డైరీ, ప్రాసిక్యూషన్‌కు ఇవే ఆధారాలయ్యాయి. డైరీలో విసుగుంది, కోపముంది, తన వల్లే పోయారేమోనన్న కుమిలిపాటుంది. 2003లో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. 40 ఏళ్ల శిక్ష పడింది. అప్పీలులో అది 30 ఏళ్లయింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక నా పేచీ ఆ చదివిన పద్ధతితోనే. డైరీ వాంగ్మూలం కాదు. అందులో నింద మోపేదీ తనే, నింద మోసేదీ తనే. పిల్లల ఏడుపు భరించలేకపోయానని తండ్రి రాసుకుంటే అలసిపోయాడంటాం. తల్లి రాసుకుంటే సాక్ష్యం దొరికిందంటాం. మంచి తల్లికి విసుగు రాదన్న పితృస్వామ్య సూత్రమే అక్కడ కళ్లద్దాలయింది. 2019 విచారణ కూడా ఆ కళ్లద్దాలతోనే డైరీని చదివి శిక్ష సబబేనంది.

ఆడపిల్లలిద్దరికీ తల్లి నుంచి సంక్రమించిన ఒక జన్యుమార్పు గుండె లయను తప్పించగలదని శాస్త్రజ్ఞులు చూపాక కథ మారింది. 2023 జూన్‌లో క్షమాభిక్ష, డిసెంబర్‌లో నిర్దోషిత్వం. అప్పటికి 20 ఏళ్లు జైల్లో గడిచాయి. 2025లో ప్రభుత్వం 20 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇస్తానంది.

సైన్స్ కాపాడిందని చప్పట్లు కొట్టి ఊరుకుందామా? ఆ జన్యువు దొరక్కపోతే? డైరీ నేరాంగీకారం కాదని, బిడ్డల్ని పోగొట్టుకుని తనను తానే నిందించుకున్న తల్లి రాతలని చివరి విచారణలో మానసిక నిపుణులు చెప్పారు. ఆ మాట చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 2003లోనే చెప్పొచ్చు. అప్పటి జ్యూరీ ముందు అలాంటి నిపుణులెవరినీ నిలబెట్టలేదు. తల్లి మనసు తెలుసుకోవడానికి నిపుణులెందుకు, అందరికీ తెలిసిందేగా అన్న ధీమా!

ఆ ధీమా కోర్టులకే పరిమితం కాదు. స్త్రీ కవితలో "నేను" కనపడగానే ఆమె సంసారంలోకి తొంగిచూసే విమర్శ మన దగ్గరా ఉంది. అది పరువు తీస్తుంది, అక్కడ 20 ఏళ్లు తీసింది. బిడ్డకేమైనా తల్లిదే తప్పన్న భాషను ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచీ నేర్పేది మనమే. ఆమె ఆ భాషలో ఏడిస్తే నేరం ఒప్పుకుందనేదీ మనమే.