మేకపాలకు వెల రాదా?

ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషించితిమి. బోర్లించిన కుండపై బియ్యపు పిండినీట ముంచిన పలుచని గుడ్డను పఱచి తీసి, వచ్చిన పొరకు నేతిని బెల్లమును చేర్చి, ఇంటి యాడువారు ఆ సరకును దేశాంతరములకు పంపగలుగుచున్నారు. బియ్యముగా నమ్మిన వచ్చు వెల వేఱు, రేకైన పిదప వచ్చు వెల వేఱు. ఈ పనియే పాలతో, అందును మేకపాలతో, ఏల చేయరాదని మా ప్రశ్న.

నవ్వువారు నవ్వవచ్చును. గోదావరి సీమలో పాలనగా గేదెపాలే. మేక యనగా మాంసమే. దీనికి కారణము లేకపోలేదు. మేకపాలలోని వెన్నకణములు మిక్కిలి చిన్నవి. మీగడ సులభముగా తేలదు, కవ్వమునకు చాల కష్టముమీద గాని వెన్న చిక్కదు. తోడు పెట్టినను గట్టిగా పేరుకొనదు. నేతితోను గడ్డపెరుగుతోను పాలను తూచు మన యిండ్లలో ఇట్టి పాలు చులకనగుట సహజమే. ఆయుర్వేదము క్షయరోగికి అజాక్షీరమును విధించినను, 1919 మొదలు గాంధీమహాత్ముడు దానినే త్రాగినను, మన చులకనభావము తగ్గలేదు.

అయితే వెన్నకు లొంగని పాలు విఱుగుటకు లొంగును. పాలను బాగుగా కాచి, నిమ్మరసము పిండి, విఱిగినదానిని గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీసి, ఉప్పు చేర్చినచో మెత్తని చీజు సిద్ధమగును. కాచుటలో మాత్రము అశ్రద్ధ కూడదు. పచ్చి మేకపాలవలన బ్రూసెల్లా జ్వరము మనుష్యులకు సోకును. ఫ్రాన్సు పల్లెలలో మేకపాల చీజు పేరు మోసినది. మన దేశమునందే వంగీయులు పాలు విఱిచి ఛెనా చేయుదురు, జమ్మూ కొండలవారు కలారి చేయుదురు. (చీజును కొందఱు జున్నని వ్రాయుచున్నారు. ముఱ్ఱుపాల జున్ను తిన్నవారెవ్వరును దీనికి సమ్మతింపరు.)

కష్టములు లేవని మేమనము. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమ వరిమాగాణియైనది, బీడు కఱవు. విడిచిన మేక పరుల చేను మేయును, సాయంకాలమునకు తగవు వచ్చును. కావున కట్టి మేపవలెను. అవిసె రొట్ట, కొంత సుబాబుల్ రొట్ట మేపవచ్చును. తడినేల దానికి గిట్టదు: గిట్టలు కుళ్లును, కడుపున పురుగులు పడును. వెదురుబద్దల మంచెపై పాక వేయవలెను. పోతును దూరముగా కట్టనిచో దాని కంపు పాలకంటును. అన్నిటికంటె చిక్కు మఱియొకటి. మన నాటు మేక పాలు స్వల్పము, అందును పిల్ల త్రాగగా మిగిలినదే మనకు. కిలో చీజుకు ఇంచుమించు ఆఱేడు లీటర్లు కావలెను. ఒక్క యింటి పాలు చాలవు. పదియిండ్ల పాలు ఒకచోట చేరవలెను. ఉత్తరాది జమునాపారి, బీటల్ జాతులు హెచ్చు పాలిచ్చును గాని, వానిని తెచ్చి ఈ చిత్తడిలో నిలుపుట ధనవంతుల ప్రయోగముగా మొదట జరుగుట మేలు.

భూమిలేని కూలియాలికి నేడు మేక యొక్కటే నిలువ ధనము. బిడ్డకు జ్వరము వచ్చిననాడు, బడి రుసుము కట్టవలసిననాడు దానిని కసాయి చెప్పిన వెలకు తోలివేయును. పాలకు వెల వచ్చినచో ఆ మేకను మఱియొక ఈతవఱకు నిలుపుకొనగలదు, కసాయితో బేరమాడగలదు. రాజమహేంద్రవరమున, కాకినాడలో డబ్బాల చీజు కొని పిల్లలకు పెట్టుచున్న గృహస్థులు కలరు. పూతరేకులకై ఆత్రేయపురము దిగిన నాడు వారే, మేకపాల చీజు దొరకునా యని అంగళ్లలో నడుగవలెను. అడుగువారు లేనిదే ఆ పదియిండ్లవారు కుండ పొయ్యిమీద పెట్టరు.