రెండు వారాలు దాటిన నోటిపుండుకు జామాకు చాలదు

నోరు పూసిందంటే మంజీరా ఒడ్డు ఊళ్లలో మొదట వచ్చే మాట "ఒంట్లో వేడి చేసింది". ఆ వెంటనే లేత జామచిగుళ్లు నమలమంటారు, తుమ్మబెరడు కాచిన నీళ్లు పుక్కిలించమంటారు, పడుకునే ముందు కాస్త నెయ్యి రాసుకోమంటారు. నిజాంసాగర్, బాన్సువాడ పల్లెల్లో తరతరాలుగా నడుస్తున్న ఈ వైద్యం తీసిపారేయాల్సింది కాదు.

ఆయుర్వేదం నోటిపూతను ముఖపాకం అంటుంది. జాజి ఆకు నమలడం, త్రిఫల కషాయం పుక్కిట పట్టడం, అతిమధురం పొడి తేనెతో రాయడం వైద్యులు చెప్పే చికిత్సలు. జామాకు, తుమ్మ, కరక్కాయల వగరుకు కారణం టానిన్లు. అవి పుండు మీద పల్చటి పొరలా పరుచుకుంటాయి, కారం తగిలినా మంట తగ్గుతుంది. అతిమధురంతో నొప్పి తగ్గినట్టు చిన్నపాటి అధ్యయనాలూ చెబుతున్నాయి.

అయితే మామూలు నోటిపూత ఏ మందూ వేయకపోయినా వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో మానిపోతుంది. మాటిమాటికీ పూస్తుంటే బీ12, ఐరన్ లోపం ఉందేమో రక్తపరీక్షలో చూసుకోవాలి.

పసిపిల్లల విషయంలో మాత్రం ఒక పాత అలవాటును వెంటనే మానుకోవాలి. వెలిగారం పొంగించి, తేనెలో రంగరించి బిడ్డ నాలుకకు రాస్తారు. అందులోని బోరాన్ పసి ఒంట్లో పేరుకుంటే ఫిట్స్ వస్తాయి. పాలపీకకు తేనె, వెలిగారం పూసి ఇచ్చిన బిడ్డలకు ఇలాగే జరిగిందని ఇంగ్లండు వైద్యులు 1983లో నమోదు చేశారు. ఏడాది నిండని బిడ్డకు ఉత్త తేనె కూడా పెట్టకూడదు.

అసలు భయం తంబాకుతోనే. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా బీడీల జిల్లా. ఒళ్లో చేట, చేటలో తంబాకు, చేతిలో తునికాకు: ఇక్కడి ఎందరో ఆడవాళ్ల బతుకుతెరువు ఇదే. ఇళ్లలో బీడీ తాగేవాళ్లున్నారు, జర్దా, గుట్కా నమిలేవాళ్లున్నారు. వీళ్ల నోట్లో పుండు లేస్తే అది కూడా "వేడి" ఖాతాలోకే పోతుంది. నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పే పెట్టదు. నాలుక పక్కన, బుగ్గ లోపల మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గట్టిపడిన అంచు కనబడితే ఏ ఆకుతోనూ కాలయాపన చేయకూడదు.

నోరు చూడటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కేరళలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వెలుతురులో నోళ్లు పరీక్షిస్తే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మన దగ్గరా 30 ఏళ్లు దాటినవారికి ఈ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. బీడీలు అప్పగించే కార్ఖానాల దగ్గరికే ఏఎన్ఎంలు టార్చిలైటుతో వెళ్లాలి. మూలికలిచ్చే వైద్యులు కూడా "పుండు లేచి ఎన్నాళ్లయింది? తంబాకు అలవాటుందా?" అని ముందుగా అడగాలి. రెండు వారాలు దాటితే బాన్సువాడ ఏరియా ఆసుపత్రికి పంపాలి. అక్కడ అనుమానం బలపడితే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.