పంటి పోటుకు క్యాప్సూలే మందా?

పంటి పోటు రాగానే మందుల దుకాణానికి వెళ్ళి నాలుగు అమాక్సిసిలిన్ క్యాప్సూళ్ళు, నాలుగు మెట్రోనిడజోల్ బిళ్ళలు, రెండు నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకొనుట మన ఊళ్ళలో పరిపాటి అయినది. రెండు రోజులలో పోటు తగ్గుతుంది. మిగిలిన మాత్రలు అలమరలో చేరి, మరల పోటు వచ్చినప్పుడు బయటికి వస్తాయి. ఈ అలవాటు పంటికి మేలు చేయకపోగా సమాజానికంతటికీ కీడు తెస్తున్నదని చెప్పక తప్పదు.

పన్ను పుచ్చుటకు మూలం పాచి. అందులో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి సూక్ష్మజీవులు మనం తినే చక్కెరను ఆమ్లంగా మార్చి పంటి పైపొరను కరిగిస్తాయి. రంధ్రం లోతై లోపలి గుజ్జు చెడినప్పుడు వేరు కొనవద్ద చీము చేరుతుంది. మింగిన మందు ఎక్కడికైనా రక్తం ద్వారానే చేరవలెను. గుజ్జు చచ్చిన పంటిలోనికి రక్తప్రసారమే లేనప్పుడు మందు చేరుట ఎట్లు? చుట్టూ వ్యాపించిన వాపును అది కొంత అణచగలదు గాని మూలాన్ని తాకజాలదు. చీము వెలువరించి, వేరు నాళాన్ని శుభ్రపరచి పూడ్చుట, లేదా పన్ను తీయించుట, ఇదియే అసలు చికిత్స. దంతచికిత్స వెంటనే లభించు ఆరోగ్యవంతులైన పెద్దలకు పంటి పోటుకు, నోటిలోపలి వాపుకు చాలావరకు యాంటీబయాటిక్ అనవసరమని అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో మార్గదర్శకాలు వెలువరించినది.

ఇది మనకు కొత్త మాట కాదు. ముఖరోగాలను 65గా లెక్కించిన సుశ్రుతుడు, వాపును ఆమము, పచ్యమానము, పక్వము అని మూడు దశలుగా గుర్తించి, పక్వమైన దానిని శస్త్రంతో భేదించవలెనని విధించినాడు. చీము నిలిచియుండగా మాత్రలతో కాలం గడపుట రెండు శాస్త్రాలకూ విరుద్ధమే.

అవసరం లేకుండా, అరకొరగా మింగిన మందుకు బలహీనమైన క్రిములు చచ్చి మొండివి మిగిలి వృద్ధి చెందుతాయి. పంటి చీములో కనబడు ప్రెవోటెల్లా జాతి క్రిములలో కొన్ని, పెనిసిలిన్ తరగతి మందులను విరుగగొట్టు బీటా లాక్టమేజ్ అను ఎంజైమును తయారుచేస్తాయి. 1928లో పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ప్రమాదాన్ని గూర్చి హెచ్చరించినాడు. మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది మరణించినట్లు అంచనా. నేడు పంటి పోటుకు వృథా చేసిన మందు రేపు బాలింత జ్వరానికో, పసిబిడ్డ న్యుమోనియాకో పనిచేయకపోవచ్చును.

మరి మన చిట్కాల మాటేమిటి? లవంగంలోని యూజినాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు సైతం దానిని తాత్కాలిక సిమెంటులో వాడుతారు. గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత చిగుళ్ళకు ఉపశమనమిస్తుంది. ఉదయం, రాత్రి పళ్ళు తోముకొనుట, తీపి తిన్న వెంటనే నోరు పుక్కిలించుట అన్నిటికన్న మిన్న. అయితే పుచ్చిన రంధ్రాన్ని లవంగం పూడ్చదు, వేరు కొనవద్ద చీమును ఉప్పునీరు తీయదు. చిట్కాను చికిత్సగా భ్రమించుట కూడా క్యాప్సూలును నమ్ముకొనుట వంటిదే.

దవడ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరచుటకు, మింగుటకు, ఊపిరి పీల్చుటకు కష్టమైనచో ఒక్క గంట కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరవలెను. అట్టి స్థితిలో యాంటీబయాటిక్ ప్రాణదాత. దాని మోతాదు, రోజులు వైద్యుడే నిర్ణయించవలెను. వైద్యుని చీటీ లేనిదే ఈ మందులు అమ్మరాదని చట్టం ఉన్నది. దుకాణదారు ఆ చట్టాన్ని పాటించవలెను. చీటీ లేకుండా అడుగుట మనమూ మానవలెను. ప్రాణాపాయంలో ఆదుకొనవలసిన మందును చిన్న పోటుకు ఖర్చు చేయుట వివేకం కాదు.