ఒక గంట ప్రయాణం: ఎవరి గడియారంతో?



షోలాపూరు నుంచి గోవాకు గంట ప్రయాణం అని ఊరంతా చెప్పుకుంటున్నారు. 2024 సెప్టెంబరు 29న ప్రధానమంత్రి మన విమానాశ్రయాన్ని ప్రారంభించారు. 2025 జూన్ 9న గోవాలోని మోపాకు విమానం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ముంబైకీ మొదలైంది. ఊరికి విమానం వస్తే మంచిదే. మన సంఘం దానికి అడ్డం కాదు. మేము అడిగేది ఒక్కటే: ఆ గంటను ఏ గడియారంతో కొలిచారు?

లెక్క చూద్దాం. ఇక్కడి నుంచి మోపాకు ఆకాశంలో తిన్నగా పోతే సుమారు 300 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల దాకా పోగలదు. లేవడం, దిగడం కలుపుకొని గంట పడుతుంది. ఇది విమానం గంట. మనిషి గంట వేరు. గంటన్నర ముందే చేరాలి, తనిఖీ వరుసలో నిలబడాలి, దిగాక సామాను కోసం ఆగాలి. మోపా నుంచి పణజీకి ఇంకో 35 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. గడప దాటిన దగ్గర నుంచి లెక్కిస్తే నాలుగు గంటలు.

అయినా బస్సు కంటే నయమే కదా అంటారు. నిజమే, గోవా పోయేవాళ్ళకు నయమే! సాంచాల మీద పనిచేసే మనలో గోవా పోయేవారెందరు? మన చుట్టాలు మహబూబ్‌నగర్, వరంగల్, సిరిసిల్ల వైపు ఉన్నారు. పెళ్ళికైనా చావుకైనా మనం పోయేది జనరల్ బోగీలో, ఒంటికాలి మీద. శంషాబాద్ గాలిలో 270 కిలోమీటర్లే, గోవా కంటే దగ్గర. కానీ అక్కడ విమానం దిగినా సిరిసిల్లకు ఇంకా 150 కిలోమీటర్లకు పైనే బస్సులో పోవాలి.

హవాయి చెప్పులు వేసుకునేవాడూ విమానం ఎక్కాలన్నారు ప్రధానమంత్రి, 2017లో ఉడాన్ మొదలైనప్పుడు. అప్పుడు గంట ప్రయాణానికి పెట్టిన ధర 2,500 రూపాయలు, అదీ సగం సీట్లకే. మీ పగారు చీటీ తీసి చూడండి. ఆ 2,500 ఎన్ని షిఫ్టుల చెమట? భార్యాపిల్లలతో పోతే ఎన్ని?

పథకం నిలిచిందా? 2023లో కాగ్ నివేదిక ఏం చెప్పింది? కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. రాయితీ గడువు ముగిశాక కూడా నడిచినవి 54. మరోవైపు, 2020 మార్చిలో రైళ్ళలో వృద్ధులకున్న రాయితీని ఎత్తేశారు. నలభై ఏళ్ళు మగ్గం ముందు నిలబడ్డ ముసలివాడు పూర్తి టికెట్టు కొనాలి. విమానం కంపెనీకి మాత్రం నష్టం రాకుండా ప్రభుత్వం పూడ్చాలి. ఇదెక్కడి న్యాయం?

విమానానికి దారి ఇవ్వడానికి 2023 జూన్‌లో సిద్ధేశ్వర్ సహకార చక్కెర కర్మాగారం చిమ్నీని పడగొట్టారు. చిమ్నీని పడగొట్టగలిగిన సర్కారు రైలుకు నాలుగు జనరల్ బోగీలు తగిలించలేదా?

మన డిమాండ్లు రెండు: హైదరాబాద్ వైపు పోయే రైళ్ళకు జనరల్ బోగీలు పెంచాలి. వృద్ధుల రాయితీ తిరిగి ఇవ్వాలి. షోలాపూరు డివిజనల్ రైల్వే మేనేజరుకు ఇచ్చే అర్జీ మీద ప్రతి ఖాతా నుంచి సంతకాలు రావాలి. బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళ చేత కూడా పెట్టించండి. ఆ రైలు వాళ్ళదీ!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

- కార్యదర్శి